గడువు తీరిన పేటెంటుకు కాపలా

మొన్న ఈమధ్యే ఉద్యోగంలో చేరిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఒకబ్బాయి మా ఇంటికొచ్చాడు. మర్యాదస్తుడు, చదువుకున్నవాడు. కాఫీ తాగుతూ ఒక మాట అడిగాడు. "సార్, ఒక కంపెనీకి పేటెంటున్న మందును ఇంకో కంపెనీ చేసి అమ్ముతుంటే మనం షాపులో స్టాకు ఆపేయొచ్చా?"

నాకు ఒళ్ళు మండింది. అబ్బాయి మీద కాదు. నలభై ఏళ్ళ కింద ఆళ్ళగడ్డలో ఇదే ప్రశ్న మీద ఒక మనిషి ప్రాణం పోయింది. ఇంతకాలం తర్వాత కూడా మా శాఖలో చేరే పిల్లలకు దీని జవాబు ఎవరూ చెప్పడం లేదన్నమాట! అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, నా సన్మానాలు ఇందులో ఉండవు. అవి ఎవరికి కావాలి?

ఉద్యోగం అంటే ఏమిటి

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అంటే మందుల షాపులవాళ్ళను బెదిరించి సంచి నింపుకునేవాడని జనం అనుకుంటారు. అలాంటివాళ్ళు లేరని నేను ప్రమాణం చేయను. కానీ అసలు పని చాలా చిన్నది. సీసా మీద రాసింది సీసాలో ఉందా? చేసినవాడికి చేసే లైసెన్సు, అమ్మేవాడికి అమ్మే లైసెన్సు ఉన్నాయా? అంతే. రోగికీ మందుకూ మధ్య మోసం దూరకుండా చూడటం మా పని. ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ మధ్య కూర్చుని పంచాయితీ చేయడం మా పని కాదు.

ఇది నాకు నేర్పింది నా మొదటి పై అధికారి. డెబ్భైల మొదట్లో నంద్యాలలో నన్ను వెంటబెట్టుకుని తిరిగేవాడు. పొట్టి మనిషి, ముక్కోపి, అందరినీ తిట్టేవాడు. ఒకసారి బస్టాండు దగ్గర ఒక దుకాణంలో టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ ఒకటి తీసి, రెండుగా విప్పి, లోపలి పొడి నాలుక మీద వేసుకున్నాడు. ఆ మందు చేదు ఎంతటిదో నోట్లో పడ్డవాడికే తెలుస్తుంది. ఈయన ముఖం మాత్రం చెక్కుచెదరలేదు.

"మైదా" అన్నాడు నా వైపు తిరిగి. "దీంతో పరోటా చేసుకోవచ్చు, జ్వరం తగ్గదు. దొంగమందు అంటే ఇదిరా అబ్బాయ్. పేరు గొప్పగా ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. పేరు కొత్తదై లోపల సరుకు ఉంటే అది దొంగమందు కాదు. ఈ తేడా మర్చిపోయిన రోజు ఈ ఉద్యోగం మానేయ్."

ఆయన నోటి దురుసుతనం నాకు చివరిదాకా నచ్చలేదు. కానీ ఆ మాట మర్చిపోలేదు. నాలుక మీద వేసుకోవడం మాత్రం మీరు నేర్చుకోవద్దు, దానికి లేబరేటరీ ఉంది.

చట్టం ఏం చెప్పింది

పేటెంటు అనగానే చాలామంది కళ్ళు తేలేస్తారు. ఇంతకుమించి ఏమీ లేదు: ఒకడు కొత్తది ఏదైనా కనిపెడితే, కొన్నేళ్ళపాటు ఇంకెవరూ దాన్ని చేయకుండా సర్కారు అతనికి హక్కు ఇస్తుంది. ఆ గడువు తీరాక ఎవరైనా చేయవచ్చు. తీరిన మర్నాటి నుంచే చేయవచ్చు.

తెల్లవాళ్ళ కాలంనాటి చట్టంలో ఈ హక్కు పదహారేళ్ళు ఉండేది, అదీ మందు మీదనే. మందు వాళ్ళదైతే దాన్ని ఏ దారిన తయారుచేసినా తప్పే. అందుకే మన దేశంలో మందుల ధరలు అంతలా మండేవి. డెబ్భై రెండులో కొత్త చట్టం అమలయ్యింది. అప్పటినుంచి మందు మీద ఎవరికీ పేటెంటు లేదు. తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఇస్తారు. ఇంకో దారిన అదే మందు చేయగలిగితే నిక్షేపంగా చేసుకోవచ్చు. ఆ పద్ధతి పేటెంటుకు కూడా మంజూరైన నాటి నుంచి ఐదేళ్ళు, లేదా దరఖాస్తు పెట్టిన నాటి నుంచి ఏడేళ్ళు, ఏది ముందు తీరితే అదే గడువు. మందు బజారులోకి ఎప్పుడు వచ్చిందన్న లెక్క లేనేలేదు.

ఇది తెలియక కొందరు మోసపోయారు. తెలిసీ తెలియనట్టు నటించి కొందరు బాగుపడ్డారు. నా కోపమంతా ఈ రెండో రకం మీదే.

ఖాదర్ షాపు

ఎనభైల మొదట్లో సంగతి. అప్పటికి నంద్యాల, ఆళ్ళగడ్డ రెండూ నా కిందే ఉండేవి. ఆళ్ళగడ్డలో ఖాదర్ బాషా అని ఒకాయన మెడికల్ షాపు నడిపేవాడు. అహోబిలం బస్సు దిగినవాళ్ళు, అడవి పల్లెలనుంచి నడిచొచ్చినవాళ్ళు అందరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. చీటీ లేకుండా మందివ్వని మొండివాడు. తనిఖీకి వెళ్తే టీ తెప్పిస్తాడు గానీ, భయపడడు.

క్షయ మందుల్లో అప్పుడు రిఫాంపిసిన్ అనేదాన్ని రాజుగా చెప్పుకునేవాళ్ళు. ఏడాదిన్నర ఇంజెక్షన్లతో కూడా నయంకాని జబ్బు దీంతో తొందరగా లొంగేది. కానీ దాన్ని ఒక పరాయిదేశపు కంపెనీ పేరుతోనే అమ్మేవాళ్ళు. ఆ ధరకు కూలివాడు దాన్ని ఆసుపత్రి గోడమీద బొమ్మలో చూడాల్సిందే. ఆ ఏడు మన దేశపు కంపెనీ ఒకటి అదే మందును వేరే పేరుతో, చాలా తక్కువ ధరకు తెచ్చింది. నంద్యాలలో ఒక మిషన్ ఆసుపత్రిలో సుశీలమ్మ గారని డాక్టరమ్మ ఉండేవారు. ఆమె చీటీలో కంపెనీ పేరు రాయరు, మందు పేరే రాస్తారు. ఏది చవకో అది ఖాదర్ ఇస్తాడు.

అలా ఆ మందు అందినవాళ్ళలో ఓబులేసు ఒకడు. బేతంచెర్లలో నాపరాళ్ళు పాలిష్ పట్టే పనిచేసేవాడు. ఆ దుమ్ము పీల్చినవాళ్ళ ఊపిరితిత్తులు క్షయకు తలుపులు తీసిపెట్టిన ఇల్లు. పని మానేసి ఆళ్ళగడ్డ పక్కన సొంతూరికి వచ్చి పడ్డాడు. ఆయన భార్య నాగమ్మ నెలనెలా వచ్చి మందు తీసుకెళ్ళేది. ఒకసారి నేను షాపులో ఉండగానే వచ్చింది.

"ఎట్లుండాడు మీ ఆయన?" అని ఖాదర్ అడిగాడు.

"బాగుండాడన్నా. దగ్గు తగ్గింది. ముద్ద తింటాండాడు. నిన్న ఒగ మేకపిల్లను ఎత్తుకొని నవ్వినాడు, ఆయప్ప నవ్వి ఎన్నాళ్ళయిందో."

సుశీలమ్మ గారు ముందే చెప్పారట. ఈ మందు తింటే ఉచ్చ, చెమట, కళ్ళనీళ్ళు కూడా ఎర్రబడతాయి, భయపడొద్దని. నాగమ్మ ఆ సంగతి సిగ్గుపడకుండా చెప్పి నవ్వింది. ఆ ఎరుపును గుర్తుపెట్టుకోండి.

టై కట్టుకొచ్చిన పెద్దమనిషి

ఒకరోజు నంద్యాల ఆఫీసుకు ఆ పరాయి కంపెనీ ఏరియా మేనేజరు వచ్చాడు. మే నెల ఎండలో టై! వెంట వాళ్ళ రిప్రజెంటేటివు. కూర్చోగానే, "ఆళ్ళగడ్డలో మా మందుకు డూప్లికేటు అమ్ముతున్నారు ఇన్‌స్పెక్టర్ గారూ, సీజ్ చేయాలి" అన్నాడు.

"డూప్లికేటంటే? మీ పేరు పెట్టుకున్నారా? మీ డబ్బాలా కనిపిస్తుందా?"

"పేరు వేరేనండీ. మందు మాది. మాకు పేటెంటుంది."

"ఎప్పటిదాకా?"

"పదహారేళ్ళండీ."

"పదహారేళ్ళ చట్టానికి డెబ్భై రెండులోనే దినాలు చేసేశారు. మీ పాత పేటెంటు దాంతోపాటే కాటికి పోయింది. తర్వాత మీరు తీసుకున్న తయారీ పద్ధతి పేటెంటుకు ఏడేళ్ళు దాటాయా లేదా? అది చెప్పండి."

ఆయన టై సర్దుకున్నాడు. "అది లీగల్ వాళ్ళు చూసుకుంటారండీ."

"అయితే లీగల్ వాళ్ళను కోర్టుకు పొమ్మనండి. హక్కు ఉన్నవాడు కోర్టుకు పోతాడు. మా ఆఫీసుకు ఎందుకొచ్చారు?"

ఎందుకొచ్చారో నాకు తెలుసు. కోర్టుకు పోతే గడువు తీరిందని రుజువవుతుంది. మా దగ్గరికొస్తే ఆ ప్రశ్నే రాదు. మా చట్టంలో ఒక అధికారం ఉంది. మందు మీద అనుమానం వస్తే, పరీక్ష తేలేలోగా ఆ స్టాకు అమ్మొద్దని కొద్దిరోజులు ఆపవచ్చు. మైదాపిండి దొంగల కోసం పెట్టిన అధికారం అది. ఈ పెద్దమనుషులకు కావలసింది ఆ కొద్దిరోజులే. కొత్త మందు బజారులో కాలు మోపే సమయానికి దానిమీద అనుమానపు మచ్చ వేస్తే చాలు. తర్వాత మంచిదని తేలినా మచ్చ పోదు. గడువు తీరిన పేటెంటుకు మా చేత కాపలా కాయించుకోవడమన్నమాట!

నేను ఒప్పుకోలేదు. "శాంపిల్ తీసి పరీక్షకు పంపుతాను, అది నా విధి. అమ్మకం ఆపను, అనుమానపడటానికి నాకు కారణం కనబడలేదు" అని చెప్పి పంపేశాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

జీపు వచ్చిన రోజు

ఆ టై మనిషి నేరుగా కర్నూలు పోయి మా అసిస్టెంటు డైరెక్టరు గారిని కలిశాడు. ఏ.డి. గారు లంచగొండి కాడు. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. అంతకంటే ప్రమాదకరమైన మనిషి, పిరికివాడు. పెద్ద కంపెనీ, ఇంగ్లీషులో ఫిర్యాదు, కింద ఎవరో డాక్టరేటున్నవాడి సంతకం. రేపు పైనుంచి ఎవరైనా అడిగితే? ఆ "అడిగితే" అనే మాట మీదే ఆయన ఉద్యోగమంతా నడిచింది.

నాకు కబురు పెట్టి తానే జీపులో ఆళ్ళగడ్డ వచ్చాడు. సంతరోజు. షాపు ముందు జనం మూగారు. నేను ఏ.డి. గారిని పక్కకు పిలిచి పేటెంటు లెక్కంతా చెప్పాను. "నువ్వు చెప్పింది నిజమే కావచ్చయ్యా. కానీ పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆపితే ఏం పోతుంది?" అన్నాడు.

"తినేవాళ్ళకు మందు పోతుంది సార్. ఇది మధ్యలో ఆపే మందు కాదు."

"వాళ్ళు ఆ కంపెనీది కొనుక్కుంటారులే."

కొనుక్కుంటారట! నాపరాయి కూలివాడు కొనుక్కుంటాడట! నా గొంతు లేచింది, జనం ముందే లేచింది. ఆయన వినిపించుకోలేదు. డబ్బాలు అట్టపెట్టెలోకి చేర్చి, తాడు కట్టి, లక్క కరిగించి ముద్ర కొట్టించాడు.

ఖాదర్ కౌంటరు వెనక నిలబడి చూస్తూ ఒక్క మాటన్నాడు. "సార్, దొంగమాల్ అయితే నన్ను జైల్లో ఏయండి. కాకుంటే ఈ సీలు తీసేటప్పుడు గూడా మీరే రావల్ల. ఇదే సంతరోజు, ఇదే జనం ముందర."

ఏ.డి. గారు తల ఊపి జీపెక్కాడు. కంచే చేను మేస్తే ఎలా ఉంటుందో ఆరోజు నేను కళ్ళారా చూశాను.

ఎరుపు

సీలు పడిన వార్త బస్సుల కంటే ముందు పల్లెలకు చేరింది. దానికి ఆ రిప్రజెంటేటివు తోక తగిలించాడు. హోటళ్ళ దగ్గర, ఆర్‌ఎంపీల దగ్గర కూర్చుని, "ఆ చవకమందు తింటే నెత్తురు పోతుంది. అందుకే సర్కారు పట్టుకుంది" అని చెప్పాడు. ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. వాళ్ళ సొంత మందు తిన్నా ఎర్రగానే పోతుంది. రిఫాంపిసిన్ రంగే అది. ఎర్రబడకపోతేనే అనుమానించాలి. మందు అసలైనదని చెప్పే గుర్తునే అది దొంగదనడానికి సాక్ష్యంగా చూపించారు. ఆ సంగతి వాళ్ళ డబ్బాలోని కాగితంలోనే అచ్చయి ఉంది. తెలియక చేశారని నన్ను నమ్మమనకండి.

ఓబులేసు ఇంట్లో ఇంకా కొన్ని క్యాప్సూళ్ళు మిగిలే ఉన్నాయి. సీలు వాటిని ముట్టుకోలేదు. కానీ ఆయన వాటిని తీసుకెళ్ళి పెంటదిబ్బలో పారేశాడు. ఈ సంగతి తెలిసి సుశీలమ్మ గారు నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రి బండిలో ఆ ఊరికి వచ్చారు.

ఓబులేసు మంచం మీద కూర్చుని ఉన్నాడు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. "ఓబులేసూ, ఎరుపు సంగతి నీకు ముందే చెప్పాను కదా. అది రక్తం కాదు, మందు రంగు."

"నువ్వు చెప్పినావు తల్లీ. నేనూ నమ్మినా. నీ మాట కాదంటాండానా?" అన్నాడాయన. తర్వాత నా వైపు చూశాడు. "కానీ సర్కారోళ్ళే వచ్చి సీలేసినారు గదా. మంచిదయితే ఎందుకేస్తారు?"

"అది పొరపాటప్పా. రిపోర్టు వస్తుంది, సీలు తీసేస్తారు" అన్నాను.

"వస్తే అప్పుడు తింటా సార్. రానీ."

నాగమ్మ ఏడ్చింది, బతిమాలింది, తిట్టింది. "యాడిదో జీపును నమ్ముతాండావు గానీ, నన్ను నమ్మవా?" అంది. ఆయన మూర్ఖుడు కాడు. సర్కారు ముద్ర అబద్ధం చెప్పదని నమ్మాడు, అంతే. మా ముద్రకు ఆ పరువు మా ముందువాళ్ళు సంపాదించిపెట్టారు. దాన్ని మా ఏ.డి. గారు ఒక టై మనిషికి అరువిచ్చాడు.

పోస్టులో వచ్చిన న్యాయం

శాంపిల్ హైదరాబాదు వెళ్ళింది. అక్కడ వరసలో కూర్చుంది. నేను రెండుసార్లు స్వయంగా వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. చివరికి రిపోర్టు వచ్చింది. మందు శుభ్రంగా ఉంది, ఉండాల్సినంతా ఉంది.

సీలు వేయడానికి జీపు వచ్చింది. తీయడానికి మాత్రం ఒక కవరు వచ్చింది. "స్టాకు విడుదల చేయడమైనది" అని ఒక్క వాక్యం. ఏ.డి. గారు రాలేదు. నేను సంతరోజు చూసి వెళ్ళి, జనం ముందే లక్క పగలగొట్టి, మందు మంచిదని గొంతు చించుకుని చెప్పాను. సీలు వేసినరోజు మూగినంతమంది లేరు. మంచివార్తకు జనం మూగరు.

ఓబులేసు మాట తప్పలేదు. రిపోర్టు వచ్చిందని చెప్పగానే మళ్ళీ మొదలుపెట్టాడు. కానీ మధ్యలో ఆపేసిన క్షయ మొదటి క్షయ కాదు, మొండికేస్తుంది. మిషన్ ఆసుపత్రిలో చేర్చుకుని సుశీలమ్మ గారు చేయగలిగినదంతా చేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. చలికాలం వచ్చేసరికి ఆయన పోయాడు.

ఆ కంపెనీ కోర్టుకు పోనేలేదు. పేటెంటు ఉంటే కదా పోవడానికి! కొన్నేళ్ళకు ఇంకో చిత్రం జరిగింది. అదే కంపెనీ తన డబ్బాల్లోకి పొడిని ఆ మన దేశపు కంపెనీ దగ్గరే కొనడం మొదలుపెట్టిందని విన్నాను. నెత్తురు పోయించే మందు అప్పటికి మంచిదైపోయింది కాబోలు.

కొత్తవాళ్ళకు

ఇప్పుడు చట్టం మళ్ళీ మారింది. మందు మీదనే పేటెంటు ఇస్తున్నారు, దరఖాస్తు నాటి నుంచి ఇరవై ఏళ్ళు. గడువు తీరే సమయానికి చిన్న మార్పేదో చేసి, కొత్త పూత పూసి, ఇంకో పేటెంటుకు దరఖాస్తు పెట్టేవాళ్ళు పెరిగారు. మీ బల్ల దగ్గరికి వచ్చే మనిషి టై కట్టుకోకపోవచ్చు, కంప్యూటరు తెస్తాడు. ఆయన్ను నేను అడిగిందే అడగండి. నీకు హక్కుంటే కోర్టు ఉంది, ఇక్కడికెందుకొచ్చావు? పేటెంటు గడువు తేల్చేది మీరు కాదు. మీరు చూడాల్సింది సీసాలో ఏముందో. దొంగమందని అనుమానించడానికి నిజంగా కారణముంటే ఒక్క నిమిషం ఆగకండి, సీలు వేయండి. లేకపోతే ఆ లక్క ముట్టుకోకండి. వేసిన సీలు మీరు తీసేయగలరు. జనం మనసులో పడిన సీలు ఎవరూ తీయలేరు.

ఈ మాట నాకు ఎందుకింత గట్టిగా తెలుసో చెప్పి ముగిస్తాను. ఓబులేసు పోయిన మరుసటి ఏడు మిషన్ ఆసుపత్రి వరండాలో నాగమ్మ కనబడింది. ఆయనకు చాకిరీ చేసిన మనిషి కదా, జబ్బు ఆమెకూ అంటుకుంది. ఖాదర్ దగ్గరి ఆ చవకమందే వాడుతోంది. కోలుకుంటోంది, ముఖం తేటగా ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఏదో చెప్పబోయి, మొగుడు గుర్తొచ్చి ఏడ్చేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తెల్ల పంచెలాంటి వెలిసిపోయిన చీర అది. తుడుచుకున్నచోట లేత ఎరుపు మరక పడింది. ఆమె ఆ కొంగు విప్పి నా ముందు పట్టింది.

"సూడు సార్. నా కండ్లనీళ్ళు గూడా ఎర్రగొస్తాండాయి. నాకు నయమైతాంది. అంటే మంచిమందే గదా? మరి ఆయప్ప తినేదానికి మీరెందుకు సీలేసినారు?"

మా ఏ.డి. గారు అని చెప్పబోయాను. కంపెనీ అని చెప్పబోయాను. ఆమె నా చొక్కా జేబుకున్న శాఖ బ్యాడ్జీని చూస్తూ జవాబు కోసం నిలబడే ఉంది.